ఓడ మీదికి మంచి బట్టలు

ఆ రోజు పొద్దున పొయ్యి రాజేస్తూ ధనమ్మ మూట ఎలా కట్టాలో మరోసారి అనుకుంది. తనకు రెండు చీరలు, అత్తకు రెండు, భర్త పంతులుకు రెండు ధోవతులూ రెండు అంగీలూ. అన్నీ ఒక దుప్పట్లో వేసి ముడేస్తే చంకన పెట్టుకుని బస్సెక్కేయవచ్చు. దసరా సెలవులు ఇంకా రానేలేదు గానీ, ఈ మూటను ఆమె ఎండాకాలం నుంచీ మనసులో కడుతూనే ఉంది, విప్పుతూనే ఉంది.

ప్రయాణం సముద్రం మీదికి. ధనమ్మ తమ్ముడు గిద్యోను బొంబాయిలో ఒక ఓడ మీద వంటవాడు. వానలు వెనకబట్టాక ఆ కంపెనీ వాళ్ళు తమ పనివాళ్ళ కుటుంబాలను ఓడ ఎక్కించి, ఒడ్డు వెంబడి గోవా దాకా తిప్పి తెస్తారట. దాన్ని సైరు అంటారట. ఎండాకాలంలో చేవెళ్లకు వచ్చినప్పుడు గిద్యోను పాసులు అక్క చేతిలో పెట్టి, "బావను, పెంటమ్మత్తను తోల్కొని రా అక్కా" అన్నాడు. తిరిగి పోయేటప్పుడు, బస్సు కదులుతుండగా కిటికీలోంచి తల బయటపెట్టి ఇంకొక్క మాట కూడా అన్నాడు.

"మంచి బట్టలు తెచ్చుకోన్రి. ఓడ మీద ఎట్ల పడితే అట్ల ఉండొద్దు."

మంచి బట్టలంటే ఏవో అడిగేలోగా బస్సు దుమ్ము లేపుకుంటూ మొయినాబాద్ తోవ పట్టింది.

ధనమ్మకు సముద్రం చూడాలన్న కోరిక ఈనాటిది కాదు. చిన్నప్పుడు మిషన్ బోర్డింగులో చదువుకునేటప్పుడు, బైబిలు పాఠంలో సముద్రం వచ్చిందంటే ఆమె మనసు ఇక ముందుకు కదిలేది కాదు. ఎర్ర సముద్రం పాయలైంది, గలిలయ సముద్రం మీద తుఫాను రేగింది. ఇన్ని జరిగిన ఆ సముద్రం ఎలా ఉంటుందో చెప్పేవాళ్ళు మాత్రం ఎవరూ లేరు. చేవెళ్లలో నీళ్ళంటే బావి అడుగున కనిపించే ఆకాశం ముక్క. పెళ్ళయిన కొత్తలో భర్తను అడిగింది. మిషన్ బడిలో పంతులు కదా, ఆయనకు తెలియకుండా ఉంటుందా అనుకుంది. దయానందం పంతులు కాసేపు ఆలోచించి, "గండిపేట చెరువు చూసినవు గద. అదే, ఇంకొంచెం పెద్దగ" అన్నాడు.

గండిపేట చెరువును ధనమ్మ చూసింది. దానికి అవతలి ఒడ్డు కనబడుతుంది. ఆ ఒడ్డున మేసే మేకలు కూడా కనబడతాయి. ఆమెకు అవతలి ఒడ్డు కనబడని నీళ్ళు కావాలి. ఒక్కసారి వాటి ముందు నిలబడితే చాలు, ఇంకేమీ అడగనని ఎన్నోసార్లు ప్రార్థన చివర తనకు మాత్రమే వినబడేటట్టు చెప్పుకుంది. దేవుడు తొందరపడలేదు గానీ, మొత్తానికి పాసులు పంపించాడు.

మూట సంగతి విన్న పంతులు నోట్లోంచి వేపపుల్ల తీసి ఆశ్చర్యపోయాడు.

"రెండు చీరెలా? గిద్యోను ఏమన్నడు? మంచి బట్టలన్నడు. ఆ ఓడ మీద ఎంతెంత పెద్దోళ్ళుంటరో ఏమో. ముతక చీరెలు కట్టుకోని పోతే నీ తమ్ముని ఇజ్జత్ ఏం గావాలె?"

"మంచి బట్టలంటే ఏవి మరి?"

"అడిగి తెలుసుకోవాలె" అన్నాడు పంతులు. తెలియనిది అడిగి తెలుసుకోవాలని ఆయన బడిపిల్లలకు రోజూ చెప్పేవాడు. ఎవరిని అడగాలో మాత్రం ఏనాడూ చెప్పలేదు.

ఊళ్ళో ఓడ ఎక్కినవాడు ఒక్క మైసయ్యే. వెనకటి పెద్ద యుద్ధంలో సర్కారు కంచరగాడిదల వెంట బస్రా దాకా పోయి వచ్చాడు. పంతులూ ధనమ్మా పోయి అడగడమే ఆలస్యం, తన ఇంటి అరుగు మీద చతికిలబడి మొదలుపెట్టాడు.

"ఓడ మీది గాలి మామూలు గాలి గాదు పంతులూ. ఎముకలల్ల జొరబడ్తది. గొంగడి లేనోడు ఖతమే. ఇగ రెండోది, ఎక్కిన కాడికెళ్ళి కక్కుడే. మొదటి దినం మేం కక్కినం, రెండో దినం గాడిదలు కక్కినయంటే నమ్ముతవా?"

పంతులు నమ్మాడు. మైసయ్య లోపలికి పోయి తన గొంగడి తెచ్చి ధనమ్మ ఒడిలో వేశాడు. అది బస్రా చూసొచ్చిన గొంగడే. "దీన్ని తీస్కపోన్రి. దీనికి తోవ ఎరుకే" అన్నాడు.

ఈ మాట అనంతయ్య చెవిన పడింది. అనంతయ్య పట్నం పక్కని ఇంగ్లీషు దండు, లష్కర్‌లో ఒక తెల్లదొర దగ్గర బట్లరుగా చేసి, ఇప్పుడు ఊళ్ళో ఊరికే కూర్చుని అందరికీ తప్పులు దిద్దుతున్నాడు. పిలవకుండానే వచ్చాడు.

"గాడిదలతోని పోయినోనికి ఏం ఎరుక? మా దొర విలాయతు పోయేటప్పుడు పెట్టెలు నేనే సదిరేటోన్ని. పొద్దుగాల ఒక జత, పగటీలి ఒక జత, సాయంత్రం తిరగనీకి ఒక జత. రాత్రి బువ్వకు నల్లకోటు లేనిది బల్లకాడ కూసోనియ్యరు. ఒక పూట తొడిగింది ఇంకో పూట తొడిగిన్రా, ఓడంత అదే ముచ్చట."

దొర పోతూపోతూ ఇచ్చిన నల్లకోటు ఆయన దగ్గర ఇంకా ఉంది. దానికి వెనక రెండు తోకలు. పంతులు తొడుక్కుని చూసుకుంటే చేతులు వేళ్ళ కొసలు దాటాయి, తోకలు పిక్కల దాకా వచ్చాయి. పెంటమ్మ కొడుకును ముందు నుంచీ వెనక నుంచీ చూసింది.

"తడిసిన కాకి లెక్కున్నవు కొడుకా" అంది.

పెంటమ్మకు సముద్రం మీద ఏ ఆశా లేదు. "అన్ని నీళ్ళుండి ఏం లాభం? తాగనీకి పనికిరావంట" అనేది. కానీ ఇల్లంతా పోతుంటే ఒంటరిగా ఉండలేక, వస్తానంది. బట్టల విషయంలో ఆమె కలగజేసుకున్నది ఒక్కచోటే. మిషన్‌కు పైదేశాల నుంచి పాత బట్టల పెట్టెలు వచ్చేవి. వాటిలోంచి పంతులు వంతుకు ఏనాడో ఒక విచిత్రమైన బనీను వచ్చింది. అడ్డగీతల ఊలు బనీను. భుజాల మీద పట్టీలు, కింద తొడల దాకా అంతా ఒకటే అల్లిక. అదేమిటో మిషన్ అయ్యగారికే తెలియలేదు. పంతులు చలికాలమంతా దాన్ని అంగీ లోపల వేసుకుని బడికి పోయేవాడు. ఓడ మీద చలి అని విన్నాక దాన్ని కూడా బట్టల్లో పెట్టబోతే పెంటమ్మ లాగి దండెం మీద పడేసింది.

"ఇది లోపలేసుకునేది. ఓడ మీద ఎవలన్న చూస్తే ఇజ్జత్ పోతది."

ముగ్గురికీ ఆ మాట సబబుగానే తోచింది.

ఆ సాయంత్రం పక్కింటి ముత్తమ్మ కొంగు చాటున ఏదో దాచుకుని వచ్చింది. విప్పి చూస్తే ఆమె పెళ్ళిచీర. పసుపుపచ్చ పట్టు, ఎర్ర అంచు.

"దీన్ని జర తీస్కపో ధనక్కా."

"నీ పెళ్ళిచీరె నాకెందుకే?"

"నువ్వు కట్టుకున్నా సరే, కట్టుకోకున్నా సరే. నేనెట్లా పోయేదాన్ని గాదు. బర్రెలను ఇడిచిపెట్టి మొయినాబాద్ అంగడికే పోలేకపోతున్న. నా చీరెనన్న సముద్రం చూసి రానీ." ముత్తమ్మ చీరను పిల్లను నిమిరినట్టు నిమిరింది. "అంచు జర నీళ్ళల్ల ముంచుకరా. నిజంగ ఉప్పగుంటదో లేదో చూస్త."

ఆ కోరిక ఎలాంటిదో ఊళ్ళో ధనమ్మ కంటే తెలిసినవాళ్ళు లేరు. చీర రెండు చేతులా తీసుకుని, తప్పకుండా ముంచుకొస్తానని మాటిచ్చింది.

ఆ మాట ఇంట్లో ఆగుతుందా? మరుసటి రోజుకు ఊరంతా తెలిసింది. గోపమ్మ చనిపోయిన భర్త రుమాలు తెచ్చింది. "ఆయనకు దేశం తిరగాలని శాన ఆశ ఉండె. అప్పు దీర్చేసరికే పానం పాయె" అంటూ తలకు చుట్టే ఆ బట్టను ధనమ్మ చేతిలో పెట్టి కళ్ళు ఒత్తుకుంది. రామమ్మ తన బిడ్డ లంగా తెచ్చింది. ఒకరు శాలువా, ఒకరు శేర్వానీ, ఒకరు కుట్టించి ఇంకా తొడగని రవికె. కొందరు మర్యాదకు "మీకు పనికొస్తదని" అన్నారు, కొందరు ఉన్నమాటే అన్నారు. చేవెళ్లలో ఇంతమందికి సముద్రం మీద ఆశ ఉందని ధనమ్మకు అప్పటిదాకా తెలియదు. తనొక్కతికే పిచ్చి అనుకుంది.

దుప్పటి మూట చాలలేదు. పంతులు బడిలోంచి పెద్ద ఇనుప పెట్టె తెప్పించాడు. అదీ నిండిపోయింది. కొత్త బట్ట వచ్చినప్పుడల్లా ధనమ్మ తన చీర ఒకటి తీసి దండెం మీద వేసి, ఆ చోట్లో దాన్ని సర్దేది. కాదనడం ఆమెకు చేతకాలేదు. చివరికి ఆ పెట్టెలో ఆమెది ఒక్క నూలుపోగు కూడా మిగల్లేదు. ఓడ మీద ముత్తమ్మ చీరే కట్టుకుంటానులే అనుకుంది. నీళ్ళను చూసేది కళ్ళే కదా.

పెట్టె మీద పంతులు తెల్లరంగుతో, తెలుగులో, ఉర్దూలో, ఇంగ్లీషులో, గిద్యోను పేరూ ఓడ పేరూ బొంబాయి రేవూ రాశాడు. చదువు రానివాడికి కూడా ఆ పెట్టె ఎక్కడికి పోవాలో తెలిసేటంత పెద్దగా రాశాడు. రాసి, నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకుని మురిసిపోయాడు.

బయలుదేరే రోజు సగం ఊరు బస్సు దగ్గరికి వచ్చింది. అందరూ మనుషులకు ఒకసారి, పెట్టెకు రెండుసార్లు జాగ్రత్తలు చెప్పారు. బస్సు కండక్టరు బాల్‌రాజ్ చేవెళ్లవాడే. నలుగురు పట్టి పెట్టెను బస్సు మీదికి ఎక్కిస్తుంటే, "ఏం పెట్టిన్రు సారూ, బడినే తీస్కపోతున్నరా?" అన్నాడు. తోవలో దుమ్ము పడుతుందని ధనమ్మ ఇంట్లో కట్టుకునే ముతక నీలం చీరతోనే ఎక్కింది. పట్నం చేరి, రాత్రి బండికి బొంబాయి పోవాలి. బస్సు కదిలినప్పుడు ఆమె కాళ్ళు నేల మీద లేవు.

మొయినాబాద్‌లో ఆ రోజు అంగడి. ఇంజనుకు నీళ్ళు పోయాలని బస్సు ఆపారు. పెంటమ్మకు దాహమైతే, ధనమ్మ చెంబు తీసుకుని బావి వైపు పోయింది. సరిగ్గా అప్పుడు పంతులు ఉలిక్కిపడ్డాడు. పాసులు! భద్రంగా ఉంటాయని వాటిని నల్లకోటు లోపలి జేబులో పెట్టాడు. కోటు పెట్టెలో ఉంది. పాసులు నిజంగా ఆ జేబులోనే ఉన్నాయా?

"బాల్‌రాజ్! పెట్టె దించు!"

"ఇప్పుడే గద సారూ ఎక్కించినం."

"దించు బిడ్డా, నీకు పుణ్యముంటది."

పెట్టె దిగింది. ఒక పక్క ఉల్లిగడ్డల రాశి, ఇంకో పక్క కుండలు. మధ్యలో పంతులు పెట్టె మూత తెరిచి, అడుగున ఉన్న కోటు కోసం ఒక్కొక్క బట్టే తీసి మూత మీద, నేల మీద, తల్లి భుజం మీద పరవడం మొదలుపెట్టాడు. అంగడి రోజు రోడ్డు పక్కన పెట్టె తెరిచి రకరకాల బట్టలు పరిచినవాణ్ణి ఏ ఊళ్ళోనైనా ఏమనుకుంటారు? చూస్తుండగానే చుట్టూ జనం మూగారు. శంకరమ్మ అనే ఒక పెద్దామె ముత్తమ్మ పెళ్ళిచీర అంచును వేళ్ళతో నలిపి చూసింది.

"పట్టు అసలుదేనా? ఎంతకిస్తవు?"

"అమ్మనీకి గాదమ్మా! ఓడ మీదికి!" అన్నాడు పంతులు తల ఎత్తకుండా.

"ఓడల దిగిన మాలంటనే!" అని శంకరమ్మ వెనక్కి తిరిగి కేకేసింది.

ఇక అంగడి అంగడంతా అటే కదిలింది. ఒకడు శేర్వానీ గుండీలు పెట్టుకుంటున్నాడు. ఇద్దరు ఆడవాళ్ళు ఒక శాలువాను చెరో కొసా పట్టుకున్నారు. మోకిల నుంచి గుమ్మడికాయలు అమ్ముకోవడానికి వచ్చిన ఒకాయన, పంతులు అప్పుడే జేబులు తడిమి పక్కన పడేసిన నల్లకోటు తొడుక్కుని, తోకలు సవరించుకుంటూ జనంలో కలిసిపోయాడు. జేబులో పాసులు లేకపోవడంతో పంతులు ఈ లోకంలో లేడు.

ధనమ్మ నీళ్ళ చెంబుతో వచ్చి ఈ వైభవం చూసింది.

"ఏం జేస్తున్నరు మీరు?"

"పాసులు పోయినయి ధనమ్మా! కోటు జేబుల పెట్టిన, లేవు!"

"అవి నా బొడ్లె సంచిల ఉన్నయి. కోటు మడత పెట్టేటప్పుడే తీసి పెట్టిన."

పంతులు పెట్టెలోంచి తల ఎత్తాడు. "ముందుగాల చెప్పొద్దా?"

"ముందుగాల అడగొద్దా?"

పెట్టె దింపకముందు ఎవరినైనా అడిగి తెలుసుకోవాల్సిందని పంతులుకు తోచింది గానీ, పైకి అనలేదు. ధనమ్మ ముందు శంకరమ్మ చేతిలోంచి ముత్తమ్మ చీర గుంజుకుని పెట్టెలో వేసింది. తర్వాత శాలువా, రుమాలు, శేర్వానీ, ఒక్కొక్కటే జనం ఒంటి మీంచి వలిచింది. కోటు ఒక్కటే లేదు. పంతులు కోటు వెతకడానికి పరుగెత్తాడు. ఆయన ఎవరి దగ్గరైనా ఏదైనా తిరిగి తెచ్చుకోగలిగిన మనిషి కాదు. దొరికినా అక్కడే నిలబడి వివరంగా చెబుతాడు. అందుకని, "పెట్టె చూస్తుండు అత్తా" అని ధనమ్మ కూడా వెనకే పరుగెత్తింది.

కోటాయన ఎడ్ల అంగడి దగ్గర భార్య ముందు నిలబడి అటూ ఇటూ తిరుగుతున్నాడు. పంతులు అనుకున్నట్టే వివరంగా చెబుతున్నాడు.

"ఇది దొర కోటయ్యా. రాత్రి బువ్వకు తొడిగేది."

"రాత్రే తొడుగుత తియ్."

"ఉండనియ్యున్రి పంతులూ" అంది కోటాయన భార్య సిగ్గుపడుతూ. "నా మొగడు ఇంత మంచిగ ఎన్నడు కనబడలే."

ధనమ్మ కోటు రెండు తోకలూ పట్టుకుని లాగింది. కోటు వచ్చింది. అదే క్షణంలో దూరంగా బస్సు హారను మోగింది.

ఇద్దరూ మేకలనూ బుట్టలనూ దాటుకుంటూ రోడ్డు మీదికి వచ్చేసరికి అక్కడ బస్సు లేదు. పెట్టె లేదు. బోర్లించిన గంప మీద కూర్చుని పెంటమ్మ సీతాఫలం తింటోంది.

"పెట్టె ఏది అవ్వా?" అని తల్లిని అడిగాడు పంతులు.

"బస్సెక్కింది."

"బస్సేది?"

"పోయింది. బాల్‌రాజ్ అందరు ఎక్కిన్రా అని అడిగిండు. ఎక్కుతరు తియ్, పెట్టె ఎక్కియ్యి అన్న. ఎక్కిచ్చిండు. అంగడి మందంత మీద వడి ఎక్కిన్రు. ఈల కొట్టిండు."

"మరి నువ్వెందుకు ఎక్కలే?"

"పెట్టె మీద పేరు రాసున్నది కొడుకా, యాడికి పోవాల్నో అదే పోతది. నా మీద ఏం రాసున్నది?"

ఆ రోజుకు పట్నం పోయే బస్సు మరొకటి లేదు. ఆ రాత్రి బండి తప్పితే ఓడ అందదు. అంగడి పలచబడింది. కుండలవాళ్ళు కుండలు సర్దుకున్నారు. ధనమ్మ కోటు ఒళ్ళో పెట్టుకుని రోడ్డు వైపే చూస్తూ కూర్చుంది. నడుముకు దోపుకున్న బొడ్లె సంచిలో పాసులున్నాయి. వాటిని పైనుంచే మళ్ళీ మళ్ళీ తడిమి చూసుకుంది. సముద్రం అంత దగ్గరికి వచ్చి, మొయినాబాద్‌లో ఆగిపోయింది.

పొద్దు వాలుతుండగా సీతాఫలాల లారీ ఒకటి వచ్చి ఆగింది. లారీ తోలే శంకరయ్య పంతులు దగ్గర చిన్నప్పుడు చదువుకున్నవాడు. సంగతంతా విని, "ఎక్కున్రి సారూ, గంపల మీద కూసోన్రి. దీపాలు పెట్టేయాళ్ళకు టేషన్ల దించుత. బండి దొరుకుతది" అన్నాడు.

"మరి బస్సు ఆగే కాడ మా పెట్టె ఉన్నది. దాన్ని తీసుకొని..."

"అది పట్నానికి ఆ మూల, టేషను ఈ మూల. రెండు గావు సారూ. పెట్టె గావాల్నా, బండి గావాల్నా, ఒకటి చెప్పున్రి."

"బండే" అంది ధనమ్మ. అనేసి, చక్రం మీద కాలు పెట్టి పైకి లేచింది కూడా. కొంగు నడుముకు దోపుకుంది. అవతలి ఒడ్డు కనబడని నీళ్ళు ఆమెకు నిజంగానే కనబడ్డాయి.

"ఏం కట్టుకోని ఓడెక్కుతవు ధనమ్మా?" అన్నాడు పంతులు.

ఆ మాటలో కోపం లేదు. దిగులే ఉంది. ధనమ్మ తనను తాను చూసుకుంది. ముతక నీలం చీర. కుచ్చెళ్ళ నిండా దుమ్ము, మోకాలి దగ్గర చెంబు ఒలికిన మరక. కింద పంతులు ధోవతికి ఎడ్ల అంగడి బురద. పెంటమ్మ కొంగు మీద సీతాఫలం గుజ్జు. మంచి బట్టలు తెచ్చుకోన్రి అన్నాడు తమ్ముడు. ఎట్ల పడితే అట్ల ఉండొద్దన్నాడు. ఓడ మీద అంతమంది పెద్దవాళ్ళ మధ్య, ఇదీ మా అక్క అని వాడు చెప్పుకోవాలి. వాడికి తలవంపులు తెచ్చి చూసే సముద్రం ఏం సముద్రం?

ధనమ్మ చక్రం మీంచి కాలు దించింది. శంకరయ్య ఇంకాసేపు ఆగి, వాళ్ళ ముఖాలు చూసి, నాలుగు సీతాఫలాలు చేతికిచ్చి పోయాడు. చేవెళ్ల వైపు పోయే ఎడ్లబండి ఒకటి దొరికితే ముగ్గురూ దాన్లో వెనక్కి తిరిగారు. తోవ పొడుగునా ధనమ్మ బండి వెనక వైపు ముఖం పెట్టి, పట్నం రోడ్డునే చూస్తూ కూర్చుంది. ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని పంతులుకు అనిపించింది.

మరునాడు బాల్‌రాజ్ నవ్వుకుంటూ ఇంటికి వచ్చాడు.

"పెట్టెకు ఫికర్ జెయ్యకున్రి సారూ. మీరు ఎక్కలేదని పట్నంల దిగినంక ఎరుకైంది. ఎట్లనో ఒకట్ల టేషన్‌కు వస్తరు, పెట్టె లేక ఆగమైతరని నేనే కూలోళ్ళతోని మోయించి బొంబాయి బండిల ఏయించిన. అంత పెద్దగ రాసిన్రు, ఇగ యాడ తప్పుతది?"

పెట్టె ఎక్కడా తప్పలేదు. క్రిస్మస్‌కు గిద్యోను దానితో సహా దిగాడు. కబురు తెలిసి, బట్టలిచ్చినవాళ్ళంతా పంతులు వాకిట్లో చేరారు.

"ఓడ కదిలే యాళ్ళకు పెట్టె వచ్చింది. మీరు వెనకనే ఉన్నరనుకున్న అక్కా" అన్నాడు గిద్యోను. "నిచ్చెన తీసేదాంక రేవు దిక్కే చూసిన. పెట్టెను పారేస్తనా? వెంట తీస్కపోయిన. రెండో దినం అల కొట్టి లోపల అన్ని తడిసినయి. తాళ్ళు కట్టి, ఈ కొసకెళ్ళి ఆ కొసదాంక ఓడ మీద ఆరేసిన. గోవా రేవుల దొరసాన్లు వచ్చి ఫోటోలు దిగిన్రు."

మూత తెరిస్తే ఇంట్లోకి ఎన్నడూ రాని వాసన ఒకటి వచ్చింది. మైసయ్య గొంగడిని భుజాన వేసుకుని, రెండుసార్లు సముద్రం దాటిన గొంగడి ఈ జిల్లా మొత్తంలో ఇదొక్కటేనని చాటాడు. గోపమ్మ భర్త రుమాలును ముఖానికి ఆనించుకుని, "పోయొచ్చినవా?" అని దాన్నే అడిగింది. ముత్తమ్మ పెళ్ళిచీర అంచు నాలుక కొసకు తాకించుకుని ఒక్క గంతేసింది.

"ఉప్పగనే ఉన్నది ధనక్కా! నిజంగనే ఉప్పగున్నది!"

అంచు ధనమ్మ చేతికిచ్చింది. ధనమ్మ కూడా నాలుకకు తాకించుకుంది. ఉప్పగానే ఉంది. ఆ ఉప్పు అక్కడే కళ్ళలోకి కూడా వచ్చింది.

అందరివీ అందరికీ పోయాక పెట్టె అడుగు కనబడింది. గిద్యోను వంగి చూశాడు. "నీ చీరె ఒక్కటన్న లేదేందక్కా? ఓడ మీద గూడ ఎతికిన."

"చోటు లేకుండె తమ్మీ."

ఆ మాటలు జరిగేటప్పుడు పంతులు చలికి ముడుచుకుని అరుగు మీద కూర్చుని ఉన్నాడు. అంగీ గుండీల సందులోంచి అడ్డగీతలు కనబడ్డాయి. గిద్యోను కళ్ళు అక్కడే ఆగిపోయాయి.

"బావా, ఇది మీకు యాడ దొరికింది? దొరలు సముద్రంల ఈత గొట్టేటప్పుడు తొడిగేది గద ఇది!"

"నేనే తీసి దండెం మీదేసిన" అంది పెంటమ్మ, ఎవరూ అడగకముందే.

ధనమ్మ నవ్వలేదు. ఇన్నాళ్ళుగా గొంతులో ఉన్న మాట ఇప్పుడు అడిగింది. "నువ్వేగద తమ్మీ మంచి బట్టలు తెచ్చుకొమ్మన్నది? అవి లేకనే మొయినాబాద్‌ల లారీ దిగిన. నీ ఇజ్జత్ పోతదని దిగిన."

"మంచి బట్టలంటే..." గిద్యోను ముఖం చిన్నబోయింది. "మంచివంటే గట్టియి అక్కా. పాతయైనా ముతకయి. ఓడ మీద గాలికి పల్చటి చీరెలు ఎగిరి ముఖాలకు చుట్టుకుంటయి. పోయిన సైరుల ఒకామె కాలికి పట్టుచీరె తట్టుకొని కొద్దిల తప్పింది, పడేదే. అందుకే ఎట్ల పడితే అట్ల ఉండొద్దన్న. ఓడల ఉన్నది మా అసొంటోళ్ళ ఇంటోళ్ళే గద, ఇజ్జత్ ఎవనికి?" అంటూ అక్కను చూశాడు. అటూ ఇటూ చూసి, ఆమె కట్టుకున్న చీర కొంగు పట్టుకుని చూపించాడు. "ఇగో, గిసొంటిది."

అది ఆ నీలం చీరే.

దయానందం పంతులు ఇంటి దూలాన్ని అంతకుముందు ఎన్నడూ చూడనట్టు చూస్తున్నాడు. ధనమ్మ కొంగును తమ్ముడి చేతిలోంచి మెల్లగా తీసుకుని, కుచ్చెళ్ళు సవరించుకుని, అన్నం వడ్డించడానికి లోపలికి పోయింది. వెనకే గిద్యోను వచ్చి, మళ్ళీ దసరాకు పాసులు నేనే తెస్తా, ఈసారి చెయ్యి పట్టుకుని తీసుకుపోతా అని ఒట్టేశాడు.

ఆ ఏడాదంతా ధనమ్మ నీలం చీరను ఇంట్లో కట్టలేదు. ఉతికి, మడిచి, పెట్టెలో పెట్టకుండా, చెయ్యి చాస్తే అందేటట్టు తలుపు వెనక దండెం మీద విడిగా వేసి ఉంచింది.

మళ్ళీ దసరా రాకముందే రెండో పెద్ద యుద్ధం వచ్చింది. గిద్యోను ఓడను సర్కారు తీసుకుని దాని నిండా సిపాయిలను ఎక్కించింది. ఓడ మీదికి ఏం వేసుకుని పోవాలన్న సందేహం ఇక ఎవరికీ రాలేదు, అందరికీ ఖాకీయే.